మూడు నిమిషాల ట్యాంకు

మా బావమరిది మీద నాకు ఇంకా కోపం పోలేదు. పోవాలని నేను అనుకోవడమూ లేదు.

నేను బుచ్చిరెడ్డిపాలెంలో మోటార్లకు వైండింగ్ చేసి బతికినవాణ్ని. షాపు మూసేశాక చిన్న విమానాలు చేయడం మొదలుపెట్టాను. రిమోటువి కావు. రెండు సన్నటి ఉక్కు తీగలు రెక్కలోంచి వచ్చి మన చేతిలోని పిడికి కలుస్తాయి. మనం మధ్యలో నిలబడితే విమానం మన చుట్టూ తిరుగుతుంది, దాంతోపాటు మనమూ తిరగాలి. ఇంజను ఆపే మీట ఉండదు. ట్యాంకు ఖాళీ అయితేనే ఆగుతుంది.

అంటే ఎంత ట్యాంకు పెడితే అంతసేపు తిరగాలి. నాకేమో చెవిలో తేడా. మూడు నిమిషాలు దాటితే నేల పక్కకు ఒరుగుతుంది. డాక్టరు మానుకోమన్నాడు. నేను మానుకోలేదు, ట్యాంకు తగ్గించాను. పెరట్లో వట్టి చేతులతో గుండ్రంగా తిరుగుతుంటే, నేను ఎప్పుడు తూలుతానో మా ఆవిడ ఫోనులో టైము చూసి చెప్పేది. దానికి సరిపడా రేకు కత్తిరించి డబ్బా అతికాను. అది ఇంజనులోకి ఇంధనం వదిలే సూదికి సమానమైన ఎత్తులో ఉండాలి. ఇంధనం లాగే గొట్టం బయటి మూలకు రావాలి, తిరిగేటప్పుడు ఇంధనమంతా అటే నెట్టుకుపోతుంది కాబట్టి. నాలుగు డబ్బాలు పారేశాక ఐదోది కుదిరింది.

మా బావమరిదికి చిట్టమూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే యంత్రాలను డీజిలు ఇంజనుతో నడపాలి. అది ఆగితే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. అందుకని ఆగిపోయే ఇంజనంటే వాడికి పడదు. బాగానే ఉంది. నా విమానం రొయ్యల గుంటా?

పోయిన ఎండాకాలం తన గుంటల పక్కన ఎండిన బయల్లో విమానం ఎగరేసి చూపించమన్నాడు. స్నేహితులందరినీ పిలిచాడు. మధ్యాహ్నం భోజనం చేసి నేను కాస్త నడుం వాల్చినప్పుడు, తన మెకానిక్ చేత ముందే చేయించి పెట్టుకున్న పెద్ద ట్యాంకు బిగించేశాడు. ట్యాంకు పైన విమానానికి మూత ఉంటుంది, అందుకే నాకు కనబడలేదు. ఇంధనం కూడా వాడే పోశాడు.

విమానం లేచింది. ముక్కు బరువుగా తోచింది కానీ గాలి వల్లనుకున్నాను. "మూడు" అని మా ఆవిడ కేకేసింది. ఆగే ముందు దగ్గాల్సిన ఇంజను దగ్గలేదు. నాలుగో నిమిషంలో నేల ఒరగడం మొదలైంది.

"ఇంకా ఉండాదిలే బావా, రెండింతల పైనే పోసినా," అని నవ్వాడు వాడు.

పిడి వదిలేద్దామంటే చుట్టూ మనుషులు. విమానం ఎవరి మొహాన పడుతుందో తెలియదు. పైగా పొడుగు ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ ఇంజను వేగం పెరుగుతోంది. నాకు భయమేసింది.

అప్పుడు మా ఆవిడ, విమానం తన ముందు నుంచి దాటగానే, తీగల కింద వంగి పరిగెత్తుకొచ్చింది. వెనకనుంచి నా నడుము పట్టుకుంది.

"మీరు విమానాన్నే చూడండి. కాళ్ల సంగతి నేను చూసుకుంటా."

ఇద్దరం కలిసి తిరిగాం. ఎన్ని చుట్లో నాకు తెలియదు. ఇంజను ఆగింది, విమానం మెల్లగా నేల మీద వాలింది. నేను కూలబడి వాంతి చేసుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు.

"చూసినావా బావా, ఏడు నిమిషాలు. నీ డబ్బా అయితే మూడుకే ఆగిపోయేది," అన్నాడు వాడు.

"ఆ డబ్బా మీ బావ తలకాయకు కొలిచి చేసిందిరా," అంది మా ఆవిడ.

"ముందే చెప్పుండొచ్చు గదక్కా."

మేం చెప్పాలట. ముట్టుకునే ముందు తను అడగాలని మాత్రం తోచలేదు.

మా ఆవిడ చెవికి ఏ తేడా లేదు. అయినా ఆ రాత్రీ మర్నాడూ గోడ పట్టుకుని నడిచింది. పాత డబ్బా మళ్లీ బిగించాను, పెద్దది వాడికే పంపించేశాను.

"విమానానికి ఒక్క గీత కూడా పడలేదు గదా, ఇంకా ఎందుకు బావా కోపం," అంటాడు ఇప్పటికీ.

విమానం గురించి నేనెప్పుడు అడిగాను?