అక్క పట్టీలు

మొన్న బుక్కరాయసముద్రంలో కత్తిపీట తగిలి వేలు తెగితే, మందుల అంగడికి పోయి పట్టీ ఇమ్మన్నాను. అక్కడున్న అమ్మాయి నా కాళ్లకేసి చూసి, "పట్టీలు వెండి అంగట్లో దొరుకుతాయి కదక్కా" అంది. వేలు చూపించాక నవ్వి, బ్యాండేజీ చుట్ట తీసిచ్చింది. తప్పు ఆ పిల్లది కాదు, మాటే అట్లాంటిది. కాళ్లకు పెట్టుకుంటే నగ, గాయానికి చుడితే కట్టు, కాగితం మీదికెక్కితే పేర్ల జాబితా. మా ఇంట్లో మాత్రం పట్టీలంటే మా అక్క పట్టీలే. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో అక్క ఎడమకాలు పుల్లలా సన్నబడిపోయింది. గుత్తిలో ఎవరో శిబిరం పెట్టి ఆమెకు ఇనుప కమ్మీలిచ్చారు. ఆ కమ్మీలను తొడకూ పిక్కకూ బిగించే తోలు పట్టీలు మా ఎండలకు అప్పడాల్లా ఎండి పగిలిపోయేవి. అప్పటికి ఎద్దుల్ని అమ్మేశాం. ఇంట్లో మిగిలిపోయిన వాటి మెడల తోలు పట్టెడలు కోసి, ఆముదం పట్టించి, నాయన కొత్త పట్టీలు కుట్టాడు. "ఎద్దుల బలమంతా నాకే వచ్చిండాది" అని అక్క నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. ఊళ్లో చెరువు పూడిక తీసే కరువు పని పెట్టి, కూలికి బియ్యం ఇచ్చేవారు. మేస్త్రీ చేతిలోని పట్టీలో పేరుంటేనే పని. నాయనా నేనూ చేరాం. మూడోనాడు అక్క కూడా కుంటుకుంటూ వచ్చి మేస్త్రీ ముందు నిలబడింది.

"ఈ కాలుతో మన్ను ఎట్ల మోస్తావమ్మా?" అన్నాడాయన.

"మోసేటోళ్లకు నీళ్లు ఎవురు పోస్తాండారు? నేను పోస్తా. నా పేరు రాయన్నా."

రాశాడు. ఆ సాయంత్రం అక్క అమ్మకు మూడుసార్లు చెప్పింది, "నా పేరు పట్టీలో ఉండాది" అని. ఇరవై రెండేళ్ల మనిషి, బడిలో చేరిన మొదటిరోజు పిల్లలా చెప్పింది.

పొద్దున్నే అక్క కాలికి ఆ తోలు పట్టీలు బిగించే పని నాది. వారం తిరిగేసరికి పిక్క మీద తోలు ఒరుసుకొని పుండు పడింది. నాయనకు చెప్తానంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు మే. చెప్తే పని మాన్పిస్తాడు, ఆడ నా పేరు కొట్టేస్తారు. పసుపు పెట్టి బిగించు. ఇంగొంచెం." పాత చీర పేలిక చుట్టి, దాని మీద బిగించాను. మరునాడూ బిగించాను. వాసన మొదలైనాక కూడా, ముఖం పక్కకు తిప్పుకొని బిగించాను.

ఒకరోజు ఎండ నెత్తిన ఉండగా, నీళ్ల బిందెతో సహా అక్క ఎండిన చెరువు మన్నులో పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నాయన పరుగెత్తుకొచ్చి పట్టీలు విప్పి, కాలు చూశాడు. "ఎన్ని దినాలైందే ఇది?" అన్నాడు నాకేసి చూస్తూ. నేను నోరు తెరవకముందే అక్క కళ్లు మూసుకొనే చెప్పింది, "నిన్ననే నాయనా."

అనంతపురం ఆసుపత్రిలో కాలు మోకాలి పైదాకా తీసేశారు. అక్క ఇంటికొచ్చినాక నేను దగ్గరికి పోవడానికి జంకి గడప దగ్గరే నిలబడిపోతే, తానే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంగ నీకు పట్టీలు బిగించే పని తప్పింది పో" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నాలుగేళ్ల తరువాత వచ్చిన జ్వరాన్ని తట్టుకోలేక ఆమె కన్నుమూసింది.

అది నిన్ననాటి పుండు కాదని నాయనకు ఈ ఏడు చెప్దాం, పై ఏడు చెప్దాం అనుకుంటూనే గడిపాను. తరువాత నాయన పోయాడు, అమ్మా పోయింది. చెప్పే ధైర్యం వచ్చేసరికి, వినవలసినవాళ్లు ఎవరూ మిగలనంత కాలం గడిచిపోయింది.