స్కజీ డిస్కూ, మల్లప్ప చాయ్

ఒక్క కప్పు చాయ్ చేతిలో నేను ఘోరంగా ఓడిపోయిన కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తాండూరు మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

ఎనభైల చివర్లో మాట. వికారాబాద్ నుంచి రోజూ రైలెక్కి తాండూరులో రహీం సేఠ్ గారి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు వెళ్లేవాణ్ని. అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్‌కు నేనే రాజును, నేనే మంత్రిని. బిల్లు చేతికొస్తే తప్ప లారీ గేటు దాటదు. ఆలోగా డ్రైవర్‌కు ఒక చాయ్ ఇప్పించడం మా యూనిట్ మర్యాద. చాయ్ అయిపోయేది, డ్రైవర్ ఓపిక కూడా అయిపోయేది, బిల్లు మాత్రం రాదు.

తప్పంతా ఇంటర్‌ఫేస్‌దేనని తేల్చాను. అంటే డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం మోసే కార్డూ వైరూ. మాది ఎంఎఫ్ఎం అనే పాతరకం. చవక, నిదానం. హైదరాబాదు దుకాణంలో స్కజీ అనే కొత్తరకం కనబడింది. రెండింటినీ పక్కపక్కన పెట్టించి మా సరుకు లెక్కలే వెతికించాను. పాతది గొణుగుతుండగానే కొత్తది తెర నింపేసింది. ఇంక నన్నెవరు ఆపగలరు?

"ధరల ఎంత ఫరక్ ఉంటది?" అన్నారు సేఠ్.

"రెండింతలు సేఠ్ సాబ్. గని స్పీడ్ జూడుండ్రి!"

"జర సోంచాయించు నర్సింలూ."

"సోంచాయించిన. మన లారీ డ్రైవర్ మల్లప్ప చాయ్ తాగుడు అయ్యేలోపట బిల్లు రాకుంటే గీ చేతుల్తోనే రాళ్లు మోస్త!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. సేఠ్ నిట్టూర్చి కొనిచ్చారు.

పరీక్ష రోజున పక్క యూనిట్ల యజమానులూ వచ్చారు. ఇది నెగ్గితే వాళ్ల కంప్యూటర్ల పనీ నాకే. డ్రైవర్ మల్లప్ప సాసర్లో చాయ్ పోసుకున్నాడు. నేను మీట నొక్కాను. అతను ఒక్కసారి ఊదేలోపే లెక్కంతా తెర మీదికొచ్చేసింది!

"వహ్వా!" అన్నారు సేఠ్. నేను కాలర్ సర్దుకుని బిల్లు కొట్టమని ప్రింటర్‌కు ఆజ్ఞ ఇచ్చాను.

ప్రింటర్ కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. నాలుగు కాపీలు, మధ్యలో కార్బన్లు, ఒక్కో సైజు రాయికి ఒక్కో వరుస. పాత డిస్కు రోజుల్లో ఎంత నింపాదిగా కొట్టేదో ఇప్పుడూ అంతే నింపాదిగా కొట్టసాగింది. దుకాణంలో నేను పోల్చింది తెర వరకే. అసలు ఆలస్యం ఈ మహాతల్లిదని నా బుర్రకు తట్టనే లేదు.

"జర నిదానంగ తాగు మల్లప్పా," బతిమాలాను.

"సల్లగైపోయింది అన్నా, ఇంకెంత నిదానం?" అని గుటుక్కున మింగేశాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. తాండూరులో ఎవరు తవ్వినా కనీసం నాపరాయి దొరుకుతుంది. నాకు ఎలుక కూడా దొరకలేదు.

సేఠ్ కోప్పడలేదు. "రైలు జల్ది ఉరికొచ్చి వికారాబాద్ సిగ్నల్ కాడ నిలవడ్డట్టుంది నీ కథ. గవే పైసలకు మంచి ప్రింటర్ రాకపోవునా?" అన్నారు. తర్వాత లారీ వైపు చూపించి, "ఇంకిన్ని రాళ్లు ఎక్కియ్యాలె. మాటిచ్చినవ్ గద, పో."

పోయాను. మోశాను. నడుం పట్టుకుని తిరిగొచ్చేసరికి మల్లప్ప నాకో చాయ్ అందించాడు.

"తాగు అన్నా, ఫికర్ జెయ్యకు. బిల్లు ఇంకా అయితనే ఉంది."

ఆ క్షణమే నాపరాయి మీద చెయ్యిపెట్టి ఒట్టేశాను: ఏ యంత్రాన్నయినా సరే, కాగితం నా చేతికొచ్చాకే పొగుడుతాను. చాయ్ తాగేవాడితో మాత్రం ఈ జన్మలో పందెం కాయను.