శిక్షణ ట్యాంకర్

“అమ్మా, బిందెల్లో నీళ్లు మళ్లీ ట్యాంకర్‌లో పోసేయండి. ఇంకోసారి చేద్దాం” అన్నాడు శిక్షకుడు. ఆడవాళ్లెవరూ కదల్లేదు.

తొంభైల చివర్లో పత్రిక పనిమీద విజయవాడ నుంచి పటాన్‌చెరు వెళ్లాను. శరణార్థుల శిబిరాల్లో ఉద్యోగాలు కోరుకునే పట్టభద్రులకు ఒక సంస్థ అక్కడ శిక్షణ ఇస్తోంది. కాజీపల్లి దాటాక ఒక ఊరి బయట డేరాలు వేసి, ఊరి ఆడవాళ్లను శరణార్థులుగా నటించమన్నారు. ఆనాటి పాఠం నీళ్లు పంచడం. ఫ్యాక్టరీల పుణ్యమా అని ఆ ఊరి బావినీళ్లు నోట పెట్టుకునేలా లేవు. అది పాఠంలో లేదు.

వరసలో ముందున్న ఎల్లవ్వను శిక్షణకొచ్చిన ఒక కుర్రాడు అడిగాడు: “ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారు?”

“గీ ఊరే బిడ్డా. పారిపోనీకి మాకు యాడుంది జాగ?”

“యుద్ధం జరిగిందని చెప్పాలమ్మా.”

“అయిందనుకో. ముందుగాల బిందె నింపు.”

ఆ నిండిన బిందెనే శిక్షకుడు ఖాళీ చేయమన్నాడు. ఎల్లవ్వ దాన్ని నెత్తికెత్తుకుంది.

“నిండు బిందె ఒంపితే ఇంటికి మంచిది గాదు సారూ. రేపు గూడ ట్యాంకర్ తోల్కరాండ్రి, మీరెట్ల ఏడ్వుమంటె గట్ల ఏడుస్త.”

నిండు బిందె ఎదురొస్తే శుభమని మావైపూ అంటారు. ఒంపకూడదని మాత్రం అక్కడే విన్నాను. మిగతావాళ్లూ ఆమె వెనకే ఊళ్లోకి నడిచారు.

సాయంత్రం శిక్షణ పొందినవాళ్లందరికీ ధ్రువపత్రాలు ఇచ్చారు. కొందరికి విదేశాల్లో ఉద్యోగాలు కూడా వచ్చాయని తర్వాత తెలిసింది. ఆ ఊరికి మళ్లీ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో మాత్రం, నేను బస్సెక్కేదాకా ఎవరూ చెప్పలేకపోయారు.