అగ్గిపెట్టెల యంత్రానికి కట్టిన తెర

మొన్న మా మనవరాలు, తన రెండేళ్ళ కొడుక్కి ఒళ్ళు కాలిపోతుంటే, ఒక చేత్తో వాణ్ణి భుజాన వేసుకుని రెండో చేత్తో ఫోనులో ఏదో టైపు చేస్తూ కనిపించింది. డాక్టరుకు చేస్తున్నావా తల్లీ అని అడిగితే, కాదమ్మమ్మా, ఏఐని అడుగుతున్నాను అంది. ఆ మాట వినగానే పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. పిల్లాడి జ్వరానికి కంగారుపడ్డాననుకుంది పిచ్చిపిల్ల. యాభై ఏళ్ళనాటి ఒక ఎర్రపూస గుర్తొచ్చిందని దానికేం తెలుసు? ఇంట్లో చెబితే నవ్వుతారు గనక, నా ఈడువాళ్ళు మీరైనా వింటారని చెప్పుకుంటున్నాను.

యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడాది, మా నాన్నగారి ఆఫీసుతోపాటు కర్నూలు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో అద్దెకు దిగిన కుటుంబం మాది. ఆసుపత్రిని ఇక్కడ దవాఖాన అంటారని తెలుసుకోవడానికే నాకు కొన్నాళ్ళు పట్టింది. పుట్టు పిరికిదాన్ని. రిక్షా కాస్త ఒరిగితే కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచేదాన్ని. అలాంటి నాకు డెబ్బైల మొదట్లో ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్కల ట్యూటరుగా ఉద్యోగం దొరికితే, మా అమ్మ నాకన్నా ఆ పిల్లల్ని తలుచుకుని ఎక్కువ జాలిపడింది.

మా హెడ్ మేడమ్ ఎక్కడో పత్రికలో చదివి, దానంతట అదే ఆట నేర్చుకునే యంత్రాన్ని ఉత్త అగ్గిపెట్టెలతో చేయవచ్చునని, నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌లో మన కాలేజీ స్టాల్లో అదే పెడదామని పట్టుబట్టారు. మూడొందల పైచిలుకు ఖాళీ అగ్గిపెట్టెలు కావలసివచ్చాయి. పిల్లలు ఆబిడ్స్‌లోని ఇరానీ హోటళ్ళలోనూ, వాళ్ళవాళ్ళ ఇళ్ళలోనూ అడిగి తెచ్చారు. ఆ వంకన ఎవరెవరి అన్నయ్యలు చాటుగా సిగరెట్లు కాలుస్తున్నారో కూడా బయటపడింది. మనం పలకల మీద ఆడుకున్న తొమ్మిది గళ్ళ సున్నా–ఇంటూ ఆటే ఆ యంత్రం ఆడేది. ఆటలో ఎదురయ్యే ఒక్కో ఘట్టానికీ ఒక్కో పెట్టె, అందులో రంగురంగుల పూసలు, ఒక్కో రంగుకు ఒక్కో గడి. పెట్టె ఊపి, చూడకుండా ఒక పూస తీస్తే, ఆ రంగు గడిలో యంత్రం సున్నా పెట్టినట్టు. గెలిస్తే ఆ రంగు పూస ఇంకొకటి వేస్తాం, ఓడితే ఉన్నది తీసేస్తాం, అంతే. మొదటిరోజు స్కూలు పిల్లల చేతిలో చిత్తుగా ఓడిపోయిన ఆ పెట్టెలు, వారం తిరిగేసరికి పెద్దవాళ్ళచేతే మూడు చెరువుల నీళ్ళు తాగించడం మొదలుపెట్టాయి. చేసినదాన్ని నేనే అయినా, ఒంటరిగా వాటిముందు కూర్చుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

ముందు జనం ఆశ్చర్యపోవాలి, ఆ తరవాత మనం విప్పి చెప్పాలి అనేది మేడమ్ పద్ధతి. అందుకని పెట్టెలన్నీ నీలం తెర వెనక పెట్టి, పైన 'ఆలోచించే యంత్రం' అని బోర్డు రాయించారు. ముందు ఒక విద్యార్థిని కూర్చుని చీటీ రాసి తెరలోని సందులోంచి లోపలికి పంపుతుంది, నేను వెనక పూస తీసి జవాబు రాసి బయటికి తోస్తాను. రోజూ సాయంత్రం ఐదింటికి తెర తీసి గుట్టు చెప్పేస్తాం.

మగవాళ్ళను రానివ్వకుండా ఆడవాళ్ళకే కేటాయించిన రోజు ఒకటుండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఇసకేస్తే రాలనంత జనం. వచ్చినవాళ్ళకు సున్నా–ఇంటూ ఏం ఆనుతుంది? ఎవరో మా చెల్లెలికి ఈ ఏడు పెళ్ళవుతుందా అని అడగమన్నారు. మేడమ్ భోజనానికి వెళ్ళారు. ముందు కూర్చున్న పిల్ల నవ్వుతూ తెరలోకి తొంగిచూస్తే, నేను కూడా నవ్వి, ఒక పెట్టె ఖాళీ చేసి ఐదు ఆకుపచ్చవీ ఐదు ఎర్రవీ వేశాను. ఆకుపచ్చదొస్తే ఔను, ఎర్రదొస్తే కాదు. నా బతుక్కి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో! చీటీలు వరదలా వచ్చిపడ్డాయి. కాసేపయ్యాక చదవడం కూడా మానేశాను. పూసకు ప్రశ్నతో పనేముంది?

ఐదింటికి తెర తీసి, అందరికీ చెప్పి, నవ్వించి పంపేశాం. పిల్లలు చీటీలన్నీ పోగేసుకుని ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు. ఒక చీటీ మాత్రం చదువుతున్న పిల్ల పైకి చదవకుండా నాకు చాపింది. అందుకుని చూశాను. 'బిడ్డకు మూడ్రోజుల సంది జరం. గొంతు వాచింది, నీళ్ళు గూడ మింగుతలేదు. దవాఖానకు తీస్కపోవాల్నా?' కింద నా దస్తూరీతో, గుండ్రంగా, 'కాదు'.

చీటీ రాసిన పిల్ల అప్పటికే ఏడుస్తోంది. వరసలో తోపులాట, చెప్పింది చెప్పినట్టు రాసి, వచ్చింది వచ్చినట్టు చదివేశానంది. వచ్చినామె పూలమ్ముకునే మనిషట. జవాబు విని తెరకు దండం పెట్టి, మూరెడు చామంతిపూలు తెర కట్టిన మేకుకు తగిలించి పోయిందట. పూలు ఇంకా వాడలేదు. తెర తీసేదాకా ఆమె ఉండలేదు.

చేతిలో పెట్టె చేతిలోనే ఉండగా ఆ పిల్లను వెంటబెట్టుకుని పరుగుతీశాను. నాంపల్లి స్టేషన్ ముందు ఒక బుట్ట దగ్గర, ఆబిడ్స్ మలుపులో మరో బుట్ట దగ్గర, పూలమ్మే ప్రతివాళ్ళనూ అడిగాం. ఎదురుగా ఏడుపు వినిపిస్తే చాలు, ఆ ఇల్లేనేమోనని ప్రాణం పోయేది. ఆ పసిదానికి ఏమన్నా అయితే నేనే చంపినట్టు కదా అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. చివరికొక ముసలామె, "గామెనా? టేషన్ ఎన్క గల్లీల ఉంటది, బిడ్డకు పానం బాగలేదంట" అని దారి చూపించింది.

ఆమె గుమ్మంలోనే కూర్చుని పూలు కడుతోంది. లోపల కుక్కిమంచంలో ఆరేళ్ళ పిల్ల గురగురమని ఊపిరి తీస్తోంది. నేను రొప్పుతూ, అది తప్పు జవాబమ్మా, వెంటనే దవాఖానకు తీసుకుపో అన్నాను. ఆమె కదల్లేదు. మా అత్త ఒకటి చెప్తది, పక్కింటోళ్ళొకటి చెప్తరు, అందుకే మిషన్ను అడిగిన అంది. "మనిషైతే నా మీద పగతోనో, బిడ్డ మీద పావురంతోనో చెప్తడు. మిషన్ ఎందుకు అబద్ధమాడ్తదమ్మా?"

నేను పిడికిలి విప్పి, పెట్టె ఆమె చేతిలో పెట్టి, ఇదే ఆ మిషన్, ఎర్రదొస్తే వద్దని, పచ్చదొస్తే తీసుకుపొమ్మని, నువ్వే తీయి అన్నాను. తీసింది. ఎర్రపూస! నా పైప్రాణాలు పైనే పోయాయి. "సూసినవా, మల్ల గదే అంటున్నది" అంది. కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి మళ్ళీ తీయమన్నాను. ఆకుపచ్చది. మళ్ళీ ఎర్రది. మళ్ళీ ఆకుపచ్చది. ఆమె అరచేతిలోని పూసల వంక చూసి, "గీ పూసల మాటనా నేనిన్నది!" అని పెట్టె విసిరికొట్టి, పిల్లను ఎత్తుకుని నాకన్నా ముందు రిక్షా దగ్గరికి పరుగెత్తింది.

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, అన్నారు డాక్టరుగారు. రేపటిదాకా ఆగి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదని కూడా అన్నారు. నాలుగు రోజులు కాలేజీ కాగానే వెళ్ళి వార్డు బయట నిలబడేదాన్ని. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లేది కాదు. ఐదోరోజు పిల్ల పాలు మింగింది. అప్పుడు ఆ తల్లి బయటికొచ్చి నా పక్కన నిలబడి, తిట్టకుండా, నిదానంగా, "సదువుకున్నోళ్ళు, నవ్వులాటకు చేసుకున్రు, మంచిగనే ఉన్నది. మరి తెరెందుకు కట్టిన్రమ్మా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే మేడమ్‌కు అంతా చెప్పేసి, మర్నాడే తెర పీకించేశాను. ఓస్, అగ్గిపెట్టెలేనా అనుకుని జనం మిర్చిబజ్జీల కొట్టుకేసి వెళ్ళిపోయారు. ఆ తరవాత పాతికేళ్ళు పాఠాలు చెప్పాను. పెట్టె విప్పి చూపించకుండా ఏ పిల్లకూ ఏదీ నమ్మమని చెప్పలేదు.

మనవరాలు ఫోనులో వచ్చిన జవాబు నాకు చదివి వినిపించింది. నీళ్ళు తాగుతున్నాడేమో చూడమని, ఊపిరి బరువైతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఆ ఏఐ చక్కగా చెప్పింది. నా పూసకన్నా వెయ్యిరెట్లు బుద్ధిమంతురాలు, ఒప్పుకోవద్దూ? అయినా ఉండబట్టలేక, దాని వెనక ఎవరుంటారే అని అడిగాను. ఎవరూ ఉండరమ్మమ్మా అని నవ్వింది. ఆనాడు మా తెర వెనక ఒక పిరికిది ఉండేది. తప్పు చేసింది, కానీ పెట్టె పట్టుకుని నాంపల్లి గల్లీలన్నీ ఏడుస్తూ పరుగెత్తింది. ఇప్పుడు ఎన్ని గుమ్మాల్లో ఎందరు తల్లులు అడుగుతున్నారో, జవాబు తప్పితే వాళ్ళను వెతుక్కుంటూ ఎవరు వస్తారో నాకు తెలియదు. లేచి చెప్పులు వేసుకుని, పిల్లాణ్ణి ఇలా ఇయ్యి, డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాను.