లేడీస్ సైకిలు మీద టపా సంచి

కరోనా సద్దుమణిగిన ఏడాది ఎండాకాలంలో, డోన్ దగ్గరి మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో నన్ను అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టరుగా వేశారు. హోదా పొడవుగా ఉందని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. పని మాత్రం పొట్టిదే: పొద్దున బస్సులో వచ్చిన టపా సంచిని ఆఫీసుకు తేవడం, చుట్టుపక్కల పల్లెల్లో పంచడం, సాయంత్రం సీలు వేసిన సంచిని మళ్లీ బస్సుకు అందించడం. ముప్పయ్యొకటో ఏట రాజీనామా చేసి జిరాక్సు అంగడి పెట్టుకున్నాను కాబట్టి నన్ను విశ్రాంత ఉద్యోగి అనవచ్చో లేదో తెలియదు. శాలువా అయితే కప్పారు.

ఈ ఉద్యోగంలో బండి మనదే. సైకిలు ఖర్చుకని కొంత అలవెన్సు ఇస్తారు. దాంతో మోటారు సైకిలు నడపాలంటే పెట్రోలు వాసన చూసి తృప్తి పడాలి. అందుకని సైకిలే కొన్నాను. కొన్నాను అనడం కూడా అతిశయోక్తే. మా సుంకన్న మామ కొనిపించాడు. మా వైపు సైకిలు కొనడానికి పోవడమంటే పిల్లను చూడడానికి పోయినట్లు నలుగురు మగవాళ్లు కదులుతారు. మామ అంగడిలో ఉన్న వాటిలోకెల్లా ఎత్తయినదాన్ని తట్టి, "ఇరవై నాలుగే తీసుకోవల్లప్పా. ఉద్యోగస్తుడు పొట్టి సైకిలెక్కితే ఊరి పరువేమైతాది?" అన్నాడు.

ఇరవై నాలుగంటే సీటు కింద నిలువుగా ఉండే గొట్టం పొడవు, అంగుళాల్లో. నా పొడవు అయిదడుగుల మూడంగుళాలు. సీటు ఎంత దించినా పెడలు కింది దాకా పోతే కాలు అందేది కాదు. ఒక్కో తొక్కుకు నడుము ఈ పక్కకూ ఆ పక్కకూ ఊగేది. ఊరి పరువు నిలబడింది. నా నడుము పడిపోయింది.

ఏడాది తిరిగేసరికి చేతివేళ్లు కూడా తిమ్మిరెక్కసాగాయి. సెలవు పెడితే బదులు మనిషిని మనమే చూపించాలన్నది మా కొలువులో నియమం. నేను చూపించిన మనిషి, మా పెదనాన్న కొడుకు, ఆ పని నాకంటే హుషారుగా చేయసాగాడు. మా బ్రాంచి పోస్టుమాస్టరు మేరీ సుగుణ మేడం పది తరాల నుంచి చర్చిలో ముందు బెంచీ వాళ్లు, అబద్ధం ఆడరు. "వచ్చే నెల ఓవర్సీరు వస్తాండాడప్పా. ఆయన ముందర నువ్వు కుంటితే నేను ఏమని రాయల్ల?" అని అడిగారు. ఓవర్సీరంటే బ్రాంచీలు తిరిగి మా పని సరిచూసే అధికారి. నెలలోగా నడుముకు సరిపడే సైకిలు దొరకాలి, లేకపోతే కొలువు పెదనాన్న కొడుకుది.

మొదట కర్నూలు పోయాను. అద్దాల షోరూములో గేర్ల సైకిళ్లు గోడలకు వేలాడుతున్నాయి. అల్యూమినియం ఫ్రేము, బ్లేడులాంటి సీటు, క్యారియరు లేదు. అక్కడి కుర్రవాడు "ఏ పర్పస్ బ్రో? ఫిట్‌నెస్సా, ట్రెక్కింగా?" అన్నాడు. ఆధార్ కార్డులన్నాను. ధర చెప్పాడు. మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను. ధర సంగతి పక్కనబెట్టినా అల్యూమినియం మాకు పనికిరాదు. సున్నపురాయి లారీలు చెక్కేసిన దారుల్లో ఫ్రేము ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. స్టీలుదైతే నాగలి అతికించేవాడే దాన్నీ అతికిస్తాడు.

తర్వాత డోన్‌లో ఖాజా భాయ్ అంగడికి పోయాను. పాత ఫ్రేములకు రంగులేసి అమ్మడం ఆయన వృత్తి, వాటిని కొత్తవని చెప్పడం ఆయన కళ. నా సైకిలును చూసి, సీటు మార్చితే నొప్పి పోతుందని ప్రమాణం చేశాడు. అంతకుముందు హ్యాండిలు మార్చినప్పుడూ అదే ప్రమాణం చేశాడు. పని అయ్యేదాకా టిఫిన్ తిని రమ్మని, మూలనున్న తన కూతురి సైకిలు ఇచ్చాడు. వంగిన గొట్టం, పొట్టి ఫ్రేము, ముందు బుట్ట.

దాని మీద స్టేషను దాకా పోయి ఉగ్గాని బజ్జీ తిని వచ్చాను. దిగేటప్పుడు గమనించాను, వేళ్లు తిమ్మిరెక్కలేదు. నడుము ఉన్న సంగతే గుర్తుకు రాలేదు. బజ్జీల మహిమేమోనని అనుమానంతో ఇంకో చుట్టు వేశాను. బజ్జీలు కావు.

"భాయ్, ఇట్లాంటిది నాకొకటి కావల్ల."

"పెండ్లయిందా నీకు?"

"కాలేదు."

"మరి ఎవరికి?"

"నాకే."

ఖాజా భాయ్ స్పానరు కింద పెట్టి, అంగడి తలుపు వైపు ఒకసారి చూసి, లోపలి నుంచి పాత లేడీస్ ఫ్రేము తీసుకొచ్చాడు. గట్టి స్టీలు. నా సీటు, క్యారియరు దానికే బిగించాడు. నా ఎత్తు సైకిలును మారకానికి తీసుకున్నాడు. పైన ఇచ్చింది నా అలవెన్సుకు నొప్పి కలిగించేంత లేదు.

మరుసటి రోజు రచ్చకట్ట మీద సుంకన్న మామ నన్ను ఆపాడు. "ఏమప్పా పోస్టూ, రేప్పొద్దున జడ కూడా ఏసుకుంటావా?"

"పూలు నువ్వు తెస్తే ఏసుకుంటా మామా."

కట్ట మీది వాళ్లంతా నవ్వారు. సంచి వేసుకుని నేనూ నవ్వుతూనే పోయాను. మేడం మాత్రం రూలు చెప్పారు: "సైకిలు అని ఉండాది గానీ, ఆడదా మగదా అని యాడా ల్యా."

ఓవర్సీరు వచ్చిన రోజు క్యారియరు మీద పార్సిళ్లు తలకంటే ఎత్తు ఉన్నాయి. పాత సైకిలుకైతే కాలు వెనక నుంచి తిప్పి ఎక్కాలి, పార్సిళ్లు అడ్డం వస్తాయి. దీనికి ఆ గొడవ లేదు, ఇంట్లోకి అడుగు పెట్టినట్లు ఎక్కొచ్చు. పల్లెలన్నీ తిరిగి, సాయంత్రం సంచి బస్సుకు అందించాను. ఆయన సైకిలు వైపు చూశాడు, నా వైపు చూశాడు, టీ ఎక్కడ బాగుంటుందని అడిగాడు. సంచి వేళకు చేరిందని రాసి పోయాడు. మా పెదనాన్న కొడుకు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఆ నెలాఖరున సుంకన్న మామ గొంతు తగ్గించి, ఆ సైకిలు యాడ దొరికిందని అడిగాడు. "మా ఇంటిదానికప్పా, పాపం శానా దూరం నడుస్తాంది" అన్నాడు. ఖాజా భాయ్ పేరు చెప్పాను. తర్వాత మామ భార్య చెన్నమ్మ అత్తకు రిజిస్టరు ఉత్తరం ఇవ్వడానికి పోయినప్పుడు, సైకిలు ఎట్లుందత్తా అని అడిగాను.

"నాకేం తెలుసు నాయనా, నేను ఎక్కితే గదా! మీ మామే మోకాలి నొప్పికని తెచ్చుకున్న్యాడు. ఊరి బయటి దాకా తోసుకుంటా పోతాడు, ఆడికి పోయినాక ఎక్కుతాడు."

ఫ్రేము కోసం వెతికేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. స్టీలుది తీసుకోండి, ఊళ్లోనే అతికించుకోవచ్చు. కాలు నేలకు ఆనేది తీసుకోండి. కొనే రోజు ఒక్కరే పోండి.