మొగమాటానికి ఇచ్చిన అర్జీ

కర్ణాటకలో బాగేపల్లి నుంచి చింతామణి పోయే దారిలో ఒక చిన్న ఊరు మాది. అక్కడ మా పాత్రల అంగడి ముందు కూర్చుని నేనిచ్చే ఉపన్యాసం అందరికీ తెలిసిందే. సర్కారు రోడ్లు వెయ్యాలి, దొంగల్ని పట్టుకోవాలి, అంతటితో చేతులు కట్టుకోవాలి. ఎవరేం తినాలి, ఏం అమ్ముకోవాలి అన్నవాటిలో దానికేం పని? వినేవాళ్ళు తలూపేవాళ్ళు. టీ తెప్పించేది నేను కాబట్టి ఊపక తప్పదు.

నిజంగా విన్నది మాత్రం ఒక్కామె. పోయిన శనక్కాయల కాలంలో మా మెట్ల పక్కనే గంప పెట్టుకుని ఉడకబెట్టిన కాయలు అమ్మేది. బస్సు దిగినవాళ్ళు అక్కడే తిని తొక్కలు మా మెట్ల మీద వేసేవాళ్ళు. ఆ గుంపును దాటి రాలేక కొనేవాళ్ళు పక్క అంగడికి పోతుంటే నాకు కడుపు మండేది. కొంచెం జరగమ్మా అనొచ్చు. కానీ పొద్దున్నే నవ్వుతూ చేతిలో ఇన్ని కాయలు పోసే మనిషికి ముఖం మీద ఎలా చెప్పేది? మొగమాటం. పంచాయితీ ఆఫీసుకు పోయి, దారికి అడ్డంగా ఉందని అర్జీ ఇచ్చాను. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టింది నేనే.

పంచాయితీవాళ్ళొచ్చి గంప, తక్కెడ ఎత్తుకుపోయారు. ఆమె బతిమాలుకుంటుంటే నేను లోపల తుడిచిన బిందెనే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను. బయటికి రావడానికి సిగ్గేసింది.

మర్నాడు ఆమె మా మెట్ల కింద నిలబడింది.

"అప్పా, ఎవురి బతుకులోనూ సర్కారు చెయ్యి పెట్టకూడదని మీరే చెప్తాంటారు గదా. నాతో ఒగసారి ఆపీసుకు రాండప్పా. మీ మాటయితే ఇంటారు."

రానని చెప్పడానికీ మొగమాటమే అడ్డొచ్చింది. వెళ్ళాను. గుమాస్తా నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మీ అర్జీ పని నిన్ననే అయిపోయింది కదా సార్, ఇంకేమైనా ఇబ్బందా అని కన్నడంలో అడిగాడు. మా వైపు కన్నడం రానివాళ్ళెవరు?

ఆమె నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండేది.

"ఒగ మాట నాతో అనింటే నేనే జరిగేదాన్ని గదప్పా," అనింది.

తర్వాత గుమాస్తా వైపు తిరిగి, తన గంప యాడుండాదని అడిగింది.

ఇప్పుడు ఆమె బస్సులు ఆగే చోటికి అవతల కూర్చుంటోంది. అటు పోవడానికి నాకింకా ముఖం చెల్లడం లేదు.