ఏం కొన్నావని అడగని కార్డు

కవరు చింపి కాగితం మడత విప్పగానే ఒక వాసన తగిలింది. కార్డును కాగితానికి అంటించే మెత్తటి జిగురు వాసన అది. పాత కార్డుకు చిప్పు లేదని, క్రెడిట్ యూనియన్ అనే సహకార బ్యాంకు వాళ్ళు కొత్తది పంపారు. కార్డు ఊడదీసి పక్కన పెట్టాను. కాగితం మీద మిగిలిన జిగురును గోటితో లాగి రెండు వేళ్ళ మధ్య ఉండలా చుట్టసాగాను. కాసేపటికి నా చేతిని నేనే చూసుకుని ఆగిపోయాను. ఈ అలవాటు నాది కాదు. పిస్కాటవేలో వసుంధర ఆంటీ ఏదైనా ఆలోచించేటప్పుడు ఇలాగే చేసేది. ఆ జిగురు ఉండల్ని పారేయకుండా వంటింటి గోడకి అంటించి దాచుకునేది కూడా. "సిగరెట్టు కంటే నయం కదా" అనేది.

నేను ఎమ్మెస్ చదివేటప్పుడు ఉన్న అపార్ట్‌మెంట్ల సముదాయంలోనే కింది అంతస్తులో ఆంటీ, అంకుల్ ఉండేవారు. ఆంటీ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేది. జనం పంపే క్లెయిములు చదివి, ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తేల్చడం ఆమె ఉద్యోగం. మా పరిచయం లాండ్రీ గదిలో జరిగింది. నేను వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి నవల చదువుకుంటున్నాను. మెషీన్ ఎప్పుడు ఆగిందో తెలియలేదు. బట్టల బుట్ట చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఎంతదాకా వచ్చావమ్మా?" అంది.

"అయిపోయాయండీ, తీసేస్తున్నాను" అని కంగారుగా మూత తెరిచాను.

"బట్టల గురించి కాదు. పుస్తకంలో ఎంతదాకా వచ్చావని."

నేను సిగ్గుపడి పుస్తకాన్ని తడి బట్టల కింద దాచేశాను. ఆమె పగలబడి నవ్వింది. "అయ్యో, దాన్ని కూడా ఉతికేస్తావా ఏంటి!" ఆ సాయంత్రం డైరీలో ఆ మాట రాసుకున్నాను. అప్పట్లో నేను మనుషులతో మాట్లాడిన దానికంటే డైరీలో రాసుకున్నదే ఎక్కువ.

అమెరికా వచ్చిన కొత్తలో నా డబ్బు వ్యవహారాలన్నీ వర్జీనియాలో ఉండే మా బాబాయి చూసుకున్నాడు. తన బ్యాంకు అకౌంట్‌లోనే నా పేరు కలిపాడు. తన క్రెడిట్ కార్డు మీదే నాకు ఇంకో కార్డు ఇప్పించాడు. ఆయన చేసిన సాయానికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను. కానీ నేను కొన్న ప్రతి వస్తువూ ఆయన స్టేట్‌మెంట్‌లో కనిపించేది. ఒకసారి పాత పుస్తకాల షాపులో నాలుగైదు నవలలు కొన్నాను. నెలాఖరుకి ఫోనొచ్చింది. "బిడ్డా, బుక్ షాప్‌ల నలభై డాలర్లేంది? కోర్స్ బుక్సా?" అవునన్నాను. ఆయన కోప్పడలేదు, మంచిదన్నాడు. అబద్ధం చెప్పింది నేను, సిగ్గుపడిందీ నేనే. ఆ తర్వాత ఆ షాపు ముందు నుంచి నడిచిపోవడమే తప్ప లోపలికి వెళ్ళలేదు. నా డైరీకి తాళం ఉంది. కానీ నేను రాయని ఇంకో డైరీ ఏదో ప్రతి నెలా ఇంకొకరి ఇంట్లో తెరుచుకుంటున్నట్టు అనిపించేది.

చదువయ్యి చిన్న ఉద్యోగం దొరికాక కూడా జీతం ఆ అకౌంట్‌లోకే వెళ్ళేది. ఆ వేసవిలో, దగ్గర్లోని కాలేజీలో సాయంత్రం పూట కథలు రాయడం నేర్పే క్లాసు ఉందని తెలిసింది. ఫీజు ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టాలి. ఆగస్టు చివర్లో పేర్లు తీసుకోవడం ఆపేస్తారు. నేను రాయాలనుకుంటున్నానన్న సంగతి అప్పటికి ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అది మొట్టమొదట బాబాయి స్టేట్‌మెంట్‌లో ఒక వరుసగా బయటపడటం నాకు ఇష్టం లేదు. అలాగని ఎవరితోనూ చెప్పే ధైర్యమూ లేదు. మా ఆఫీసు వాళ్ళకు సభ్యత్వం ఇచ్చే ఒక క్రెడిట్ యూనియన్ కరపత్రం పట్టుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను. "ఈ కార్డు మంచిదేనా ఆంటీ?" అని మాత్రం అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు.

అడగాల్సినవన్నీ అంకుల్ అడిగారు. ఆయన దగ్గర ఐదు కార్డులు ఉండేవి. ఏ కార్డు దేని మీద ఎక్కువ క్యాష్ బ్యాక్, అంటే ఖర్చులో కొంత వెనక్కి, ఇస్తుందో మర్చిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రంగు స్టిక్కరు. పచ్చది కూరగాయలకి, ఎర్రది పెట్రోలుకి, నీలంది కంపెనీ మూడు నెలలకోసారి మార్చే సరుకులకి, అదీ ప్రతిసారీ ముందుగా రిజిస్టర్ చేసుకుంటేనే. తెలుగువాళ్ళంతా కలిసి హోటల్‌కి వెళ్తే బిల్లు ముందుగా అందుకునేది ఆయనే. "నా కార్డు మీద వేస్తా, మీరంతా నాకు క్యాష్ ఇచ్చేయండి" అనేవారు.

"వెనక్కి ఇచ్చేది ఒకటిన్నర శాతమా! అన్నిటికీ ఒకటే రేటా!" అన్నారు కరపత్రం చూసి. "నా పచ్చ కార్డు గ్రాసరీస్‌కి మూడు ఇస్తుందమ్మా. ఇది తీసుకుంటే ఏడాదికి కొన్ని డజన్ల డాలర్లు వదులుకున్నట్టే."

"మొన్న మీ నీలం కార్డు రిజిస్టర్ చేయడం మర్చిపోయి మూడు నెలలు గీకారుగా, అందులో ఎంతొచ్చింది?" అంది ఆంటీ, తలెత్తకుండానే.

"అదొక్కసారే కదా వసూ."

"ప్రతి ఏడూ ఒక్కసారే."

ఆంటీ కరపత్రాన్ని వెనక నుంచి చదువుతోంది. ఏ కాగితమైనా ఆమె అలాగే చదివేది. "ముందు పేజీలో వాళ్ళు చెప్పాలనుకున్నది ఉంటుంది. వెనక పేజీలో చెప్పక తప్పనిది ఉంటుంది" అని ఒక్కొక్కటే నాకు చూపించింది. ఏటా కట్టే ఫీజు లేదు. ఇంత ఖర్చు దాటితే క్యాష్ బ్యాక్ ఆగిపోతుందన్న షరతు లేదు. వచ్చిన డబ్బు పాతిక డాలర్లు అయ్యాక గాని తీసుకోనివ్వరు. ఇండియాలో గీకితే అదనంగా కొంత కోస్తారు. "అక్కడికి వెళ్ళినప్పుడు దీన్ని పెట్టెలోంచి తీయకు" అంది. తర్వాత వడ్డీ రేటు మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. "మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. నెలనెలా మొత్తం కట్టేయకపోతే వాళ్ళు ఇచ్చే ఒకటిన్నర నీ మొహాన కొట్టి, దానికి పదింతలు లాక్కుంటారు. అంత గొప్ప కార్డేం కాదమ్మా. కానీ శుభ్రంగా ఉంది. నువ్వు కూరగాయలు కొన్నావా, పెట్రోలు కొట్టించావా, ఇంకేమైనా కొన్నావా అని అడగదు. ఏం కొన్నా ఒకటే దానికి."

ఆ ఆఖరి మాటకు నేను తలెత్తి చూశాను. ఆమె జిగురు ఉండ చుట్టుకుంటోంది.

అంకుల్ నడవడానికి వెళ్ళాక, నేను అడగకపోయినా, ఆంటీ తన సంగతి చెప్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకూ భర్త కార్డు మీద ఇచ్చిన కార్డే ఉండేది. ప్రతి నెలా ఒక ఆదివారం పూట అంకుల్ స్టేట్‌మెంటు ముందేసుకుని, పెన్నుతో టిక్కులు పెడుతూ "ఇదేంటి? ఇదేంటి?" అని అడిగేవారు. "చెడ్డమనిషి కాదమ్మా. కాకరకాయలు ఎంతకి కొన్నావని అడిగినట్టే అడిగేవారు. ఒక ఏడు ఆయన పుట్టినరోజుకి చెప్పకుండా వాచీ కొన్నాను. పుట్టినరోజు కంటే ముందు బిల్లొచ్చింది. ఇదేంటన్నారు. చెప్పక ఏం చేస్తాను? ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఉన్నా గానీ లోపలేదో చివుక్కుమంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి నా పేరు మీద కార్డు తెచ్చుకున్నాను."

"అంకుల్ ఏమీ అనలేదా?"

"రేటెంతో అడిగారు" అంది.

వారం తిరక్కుండా ఆంటీ నన్ను కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చింది. ఏమైనా అనుమానాలుంటే క్రెడిట్ యూనియన్ వాళ్ళను నేనే అడగాలట. ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. పిజ్జా కూడా నా రూమ్మేట్లతోనే ఆర్డర్ చేయించేదాన్ని. "మీరు మాట్లాడండి ఆంటీ, ప్లీజ్" అన్నాను.

"పక్కనే ఉంటా. మాట్లాడను."

అన్నట్టే ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి, అటు తిరిగి, మనీప్లాంట్ ఆకులు తుడుస్తూ నిలబడింది. అవతల నుంచి ఒక ముసలావిడ గొంతు పలికింది. సొంతంగా అప్పు తీసుకుని తీర్చిన క్రెడిట్ చరిత్ర లేని నాలాంటివాళ్ళకు ఇస్తారా అని అడిగాను. ఉద్యోగం కాగితం తెస్తే చూస్తామని, లిమిట్ మాత్రం తక్కువ ఉంటుందని ఆమె చెప్పింది. పొదుపు ఖాతా కూడా తెరవాలంది. ఇక ఫోన్ పెట్టేయాలి. కానీ నేను అడగాలనుకున్నది అది కాదు. ఆంటీ వీపు వైపు చూస్తూ, నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ ఎవరెవరికి కనిపిస్తుందని అడిగాను. "ఓన్లీ యూ, హనీ" అంది ఆ గొంతు, మెత్తగా. ఎందుకో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆంటీ ఇంకా అవే ఆకులు తుడుస్తోంది. ఫోన్ పెట్టేశాక ఆమె ఇటు తిరిగి, "కాఫీ తాగుతావా?" అంది. అంతే.

బాబాయికి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. "బాధపడతారు. కొన్నాళ్ళు పడనీ. నువ్వు మాత్రం అబద్ధం చెప్పకు, ఆ బాధ నీకెందుకు?" అని ఆంటీ ముందే అంది. జీతం ఇకమీద నా సొంత అకౌంట్‌లో వేసుకుంటానని, కార్డు కూడా తీసుకుంటున్నానని చెప్పాను. "మా మీద నమ్మకం లేదా బిడ్డా?" అన్నాడు బాబాయి.

"అది కాదు బాబాయ్. నేనేం కొన్ననో నాకు చెప్పాలనిపించినప్పుడు నేనే చెప్త."

తర్వాత కొన్నాళ్ళు ఫోన్ లేదు. ఆంటీ మాట తప్పేమోనని భయపడ్డాను. ఒక ఆదివారం తనే చేశాడు. పలకరింపు కూడా లేకుండా, "ఆ కార్డుల ఎంతొస్తది?" అన్నాడు.

"ఒకటిన్నర."

"గంతేనా!" అన్నాడు. అంత సంతోషంగా ఆయన నన్ను ఎప్పుడూ వెక్కిరించలేదు.

కార్డు ఆగస్టులోనే వచ్చింది. దాని మీద మొదట కట్టింది క్లాసు ఫీజు. ఆంటీ ఏం కొన్నావని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. చలికాలం వచ్చాక, నేను రాసిన మొదటి కథను నేనే తీసుకెళ్ళి ఆమె వంటింట్లో చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆమె చపాతీ పిండి చేతులతో అలాగే నిలబడి వింది. అయ్యాక, "ఎంతదాకా వచ్చావో ఇప్పుడు తెలిసింది" అంది.

ఉద్యోగం మారి నేను వర్జీనియాలోని ఆష్‌బర్న్ వచ్చేసిన రెండో ఏట ఆంటీ పోయింది. నేను వెళ్ళేసరికి అంకుల్ సోఫాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. వంటింటి గోడకి జిగురు ఉండలు అలాగే ఉన్నాయి. చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివర్లో ఆయన అన్నారు. "మొన్న దాని కార్డు క్లోజ్ చేయడానికి వెళ్ళానమ్మా. లాస్ట్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఇమ్మంటారా అని అడిగింది అక్కడి అమ్మాయి." ఆయన అరచేతుల్ని చూసుకున్నారు. "వద్దన్నాను."

ఇప్పుడు నా ఎదురుగా డైనింగ్ టేబుల్ దగ్గర బాబాయి కూతురు అనిక కూర్చుని ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీ సెలవులకు వచ్చింది, అక్కడి లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని చేస్తుంది. నా కొత్త కార్డు చూడగానే దాని కళ్ళు వెలిగాయి.

"అక్కా, నన్ను నీ కార్డ్‌లో యాడ్ చేస్తావా? డాడ్ ఎవ్రీథింగ్ చూస్తాడు."

"అప్పుడు నేను చూస్తాను కదే."

"నువ్వు చూడవు!"

"చూస్తాను" అన్నాను. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేను నేను. చదివాక అడగకుండా ఉండగలనా? ఆ పిల్ల మీద నాకు ప్రేమ ఎక్కువ, కాబట్టి ఉండలేనేమో. బాబాయి ఎందుకు అడిగేవాడో ఆ క్షణంలో నాకు మొదటిసారి అర్థమైంది.

సభ్యుల బంధువులకూ సభ్యత్వం ఇస్తారు గనక, లోపలికి వెళ్ళి క్రెడిట్ యూనియన్ కాగితాలు తెచ్చి దాని ముందు పెట్టాను. అనిక మొదటి పేజీ తీసింది. నేను కాగితాన్ని తిప్పి, వెనక నుంచి చదవమన్నాను. కింద ఫోన్ నంబరు చూపించి, అనుమానాలుంటే తననే అడగమన్నాను.

"నువ్వు మాట్లాడవా?"

"పక్కనే ఉంటా. మాట్లాడను."

అది నంబరు నొక్కింది. నేను కిటికీ వైపు తిరిగి, వేళ్ళ మధ్య జిగురు ఉండ చుట్టుకుంటూ నిలబడ్డాను. వెనకాల దాని గొంతు ముందు గట్టిగా, తర్వాత నెమ్మదిగా, తర్వాత ఇంకా తగ్గి నాకు వినపడనంత చిన్నగా మారింది. చాలాసేపటికి ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. నేను ఇటు తిరిగి, కాఫీ తాగుతావా అని అడిగాను.